జాక్ హెరర్ (గంజాయి వంగడం)

జాక్ హెరర్ అనేది నెదర్లాండ్స్‌కు చెందిన సెన్సీ సీడ్స్ విత్తన సంస్థ 1990లలో విడుదల చేసిన గంజాయి వంగడం. సటైవా అని పిలిచే సన్నాకుల రకాల లక్షణాలు ఎక్కువగా ఉన్న సంకరాల్లో దీన్ని చేరుస్తారు. పైన్ కలప, మిరియం, నిమ్మతొక్క కలిసిన వాసన, మనసును చురుకుగా ఉంచుతుందని పేరుపడిన కైపు దీని గుర్తింపు చిహ్నాలు. అమెరికాలో గంజాయి నిషేధానికి వ్యతిరేకంగా జీవితాంతం ప్రచారం చేసిన జాక్ హెరర్ పేరునే దీనికి పెట్టారు. 1994లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన కన్నబిస్ కప్ పోటీలో గెలిచాక దీని పేరు దేశదేశాలకూ పాకింది.

గంజాయి చట్టబద్ధమైన దేశాల దుకాణాల్లో ఈ పేరు నేటికీ కనిపిస్తుంది. భారతదేశంలో మాత్రం గంజాయి సాగు, రవాణా, అమ్మకం, వాడకం అన్నీ నేరాలే. జాక్ హెరర్ అన్న పేరు వినియోగదారుకు ఒక స్థిరమైన అనుభవాన్ని వాగ్దానం చేస్తుంది. అందులో ఎంత నిజం ఉందో తేల్చాలంటే వంగడం చరిత్రతో పాటు దాని రసాయనాన్నీ, వాడే మనిషి దేహస్థితినీ చూడాలి.

పేరు వెనుక మనిషి

జాక్ హెరర్ 1939 జూన్ 18న న్యూయార్క్‌లో పుట్టాడు. యువకుడిగా అమెరికా సైన్యంలో చేరి కొరియాలో పనిచేశాడు. మొదట్లో సంప్రదాయ రిపబ్లికన్ భావాలున్నవాడు. 1960ల చివర్లో గంజాయి పరిచయమయ్యాక అతని ఆలోచనలు పూర్తిగా మారాయి. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో దుకాణం నడుపుతూ, చట్టం మార్చాలంటూ సంతకాలు సేకరిస్తూ, సభల్లో ప్రసంగిస్తూ వచ్చాడు. 1985లో అచ్చయిన ‘ది ఎంపరర్ వేర్స్ నో క్లోత్స్’ అతని ప్రధాన రచన. నార, కాగితం, నూనె, ఇంధనం, మందు అన్నీ ఇవ్వగల మొక్కను ప్రభుత్వాలు అన్యాయంగా నిషేధించాయన్నది ఆ పుస్తక వాదం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వ్యవసాయ శాఖే రైతుల చేత నార గంజాయి (హెంప్) సాగు చేయించడానికి 1942లో ‘హెంప్ ఫర్ విక్టరీ’ అనే చిత్రం తీసింది. జనం మరిచిపోయిన ఆ చిత్రాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చినవారిలో హెరర్ ముఖ్యుడు. 1937 నాటి మారిజువానా పన్ను చట్టం వెనుక కాగితం, రసాయన పరిశ్రమల కుట్ర ఉందన్న అతని సిద్ధాంతాన్ని మాత్రం చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. నార మొక్కతో భూగోళాన్నే కాపాడవచ్చన్న అతని అంచనాల్లోనూ అతిశయోక్తి ఉంది. అయినా అమెరికాలో నార గంజాయిపై చర్చ మళ్లీ మొదలవడంలో ఆ పుస్తకం పాత్ర పెద్దది. గ్రాస్‌రూట్స్ పార్టీ తరఫున 1988లోనూ, 1992లోనూ అతను అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. 2009 సెప్టెంబరులో పోర్ట్‌లాండ్‌లో ఒక సభలో ప్రసంగించి దిగిన కాసేపటికే గుండెపోటుతో కుప్పకూలాడు. కోలుకోలేక 2010 ఏప్రిల్ 15న ఓరెగన్ రాష్ట్రంలోని యూజీన్‌లో కన్నుమూశాడు.

వంశం

ఈ వంగడం పుట్టుక వివరాలను సెన్సీ సీడ్స్ పూర్తిగా బయటపెట్టలేదు. హేజ్, నార్తర్న్ లైట్స్ నంబర్ 5, శివ స్కంక్ అనే మూడు రకాల కలయిక ఇదన్నది సాధారణంగా ఒప్పుకునే మాట.

సటైవా గుణాలు వచ్చింది హేజ్ నుంచే. 1970లలో కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్ ప్రాంతంలో హేజ్ రూపుదిద్దుకుంది. కొలంబియా, మెక్సికో, థాయ్‌లాండ్, దక్షిణ భారతదేశాల నాటు రకాలను కలిపి దీన్ని తయారుచేశారని విత్తన వర్తకుల్లో ప్రచారంలో ఉన్న కథనం. దక్షిణ భారతం అన్నచోట ఎక్కువగా కేరళ పేరు చెబుతారు. ఇవన్నీ భూమధ్యరేఖకు దగ్గరి ఉష్ణప్రాంతపు మొక్కలు. ఏడాది పొడవునా పగటి నిడివి పెద్దగా మారని చోట పెరిగినవి కాబట్టి పూత పూర్తవడానికి మూడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం తీసుకుంటాయి. యూరప్‌లో అంతలో చలి ముంచుకొస్తుంది. గదుల్లో దీపాల కింద పెంచితే మనిషెత్తు దాటిపోతాయి. హేజ్ వాసననూ కైపునూ ఎంతగా మెచ్చుకున్నా, దాన్ని పెంచడానికి సాగుదారులు జంకడానికి కారణం ఇదే.

నార్తర్న్ లైట్స్ ఇందుకు పూర్తిగా భిన్నం. అఫ్గాన్ కొండల రకాల నుంచి అమెరికా వాయవ్య ప్రాంతంలో తయారైన ఈ మొక్క పొట్టిగా, గుబురుగా పెరిగి రెండు నెలల్లోనే పూత ముగిస్తుంది. 1980ల మధ్యలో నెవిల్ షూన్‌మేకర్స్ దీన్ని నెదర్లాండ్స్‌కు తెచ్చుకుని హేజ్‌తో సంకరం చేశాడు. అతను నడిపిన ‘ది సీడ్ బ్యాంక్’ నుంచి విత్తనాలు తపాలాలో ఎన్నో దేశాలకు వెళ్లేవి. అమెరికా అధికారులు అతనిపై కేసు పెట్టిన తర్వాత 1990ల మొదట్లో ఆ సంస్థ సొత్తు బెన్ డ్రాంకర్స్ స్థాపించిన సెన్సీ సీడ్స్ చేతికి వచ్చింది. మూడో భాగమైన శివ స్కంక్‌లోనూ నార్తర్న్ లైట్స్ రక్తమే ఉంది. దానికి తోడు స్కంక్ నంబర్ 1 అనే మరో రకం చేరింది. హేజ్ కైపు చెడకుండా, పూత కాలం తగ్గి, దిగుబడీ జిగురూ పెరిగిన మొక్క కావాలన్నదే ఈ ప్రయత్నమంతటి లక్ష్యం.

జాక్ హెరర్ నుంచి మళ్లీ కొత్త రకాలు పుట్టాయి. జాక్ ఫ్లాష్, ఎక్స్‌జే-13 వాటిలో పేరున్నవి.

రూపం, స్థిరత్వం

జాక్ హెరర్ మొక్క నిటారుగా, కొమ్మలు చాచి పెరుగుతుంది. ఆకులు సటైవా తరహాలో సన్నగా ఉంటాయి. ఆడ మొక్కల పూగుత్తులు లేత ఆకుపచ్చగా, నారింజ రంగు కీలాగ్రాలతో, మీద తెల్లని పొడి చల్లినట్టు కనిపిస్తాయి. ఆ పొడి నిజానికి ట్రైకోమ్‌లు అనే సూక్ష్మమైన జిగురు గ్రంథులు. కైపునిచ్చే పదార్థమూ, వాసననిచ్చే నూనెలూ తయారయ్యేది వాటిలోనే.

విత్తనం నుంచి మొలిచిన జాక్ హెరర్ మొక్కలన్నీ ఒకేలా ఉండవు. బంగినపల్లి టెంక నాటితే తల్లిచెట్టు గుణమే వస్తుందన్న నమ్మకం లేదు, అందుకే మామిడి రైతు అంటు కడతాడు; గంజాయి సాగులోనూ అంతే, ఒక మొక్క గుణాన్ని నిలబెట్టాలంటే దాని కొమ్మనే కోసి నాటాలి. ఇన్ని వంశాలు కలిసిన సంకరం కావడంతో కొన్ని మొక్కలు హేజ్ పోలికతో సన్నగా ఎత్తుగా పెరిగితే, కొన్ని నార్తర్న్ లైట్స్ పోలికతో గుబురుగా వస్తాయి. వాటి వాసనలూ మారుతాయి. దుకాణాల్లో జాక్ హెరర్ పేరుతో దొరికే పూలన్నీ ఒకే తల్లిమొక్క కొమ్మల నుంచి వచ్చినవి కావు. అమెరికాలో 30 వంగడాల నమూనాలను వేర్వేరు దుకాణాల్లో కొని జన్యు పరీక్ష చేసిన పరిశోధకులు, ఒకే పేరుతో అమ్మిన వాటిలోనూ జన్యు తేడాలున్నాయని 2019లో ప్రకటించారు.

వాసన, రుచి

జాక్ హెరర్ వాసనలో ముందుగా తెలిసేది పైన్ చెట్టు బంక ఘాటు. ఆ వెంట తడి మట్టి, మిరియం, నిమ్మతొక్క తెలుస్తాయి. కొన్ని మొక్కల్లో పచ్చి మూలికల తీపి కూడా ఉంటుంది. పొగలో కలప రుచి, చివర్లో నాలుక మీద మిరియపు మంట మిగులుతాయని వాడినవారు చెబుతారు. హేజ్ వంశపు రకాల్లో తరచుగా చెప్పే ధూపం లాంటి వాసన కొన్ని నమూనాల్లో ఉంటుంది.

ఈ వాసనలకు మూలం టర్పీన్లు. ఇవి తేలికగా ఆవిరయ్యే సుగంధ ద్రవ్యాలు. మన వంటింటి మసాలాల్లోనూ, తోటల్లోనూ ఉన్నవే. జాక్ హెరర్‌ను మిగతా రకాల నుంచి విడదీసేది టర్పినోలీన్ అనే టర్పీన్. జాజికాయలోనూ, టీ ట్రీ నూనెలోనూ ఇది కొంత ఉంటుంది. పైన్, పూలు, పచ్చి మూలికలు కలిసిన తాజా వాసన దీనిది. చాలా గంజాయి రకాల్లో ఇది లేశమాత్రం. జాక్ హెరర్‌లో తరచుగా ఇదే పైచేయి. దీనికి తోడు పైనీన్ ఉంటుంది, రంగుల్లో కలిపే టర్పెంటైన్ నూనెలో ప్రధాన భాగం అదే. మిరియాలు, లవంగాల ఘాటులో పాలుపంచుకునే క్యారియోఫిలీన్, మామిడిలోనూ నిమ్మగడ్డిలోనూ ఉండే మిర్సీన్ కూడా కలుస్తాయి.

2022లో అమెరికా పరిశోధకులు ఆరు రాష్ట్రాల నుంచి వచ్చిన దాదాపు 90,000 నమూనాల పరీక్ష ఫలితాలను విశ్లేషించారు. టర్పీన్లను బట్టి చూస్తే మార్కెట్లోని గంజాయి మూడు ప్రధాన గుంపులుగా విడిపోయింది: క్యారియోఫిలీన్-లిమోనీన్ గుంపు, మిర్సీన్-పైనీన్ గుంపు, టర్పినోలీన్-మిర్సీన్ గుంపు. జాక్ హెరర్ సహజంగా చేరేది మూడో గుంపులో. ఈ వంగడం గురించి కొంత ధీమాగా చెప్పగలిగింది దాని వాసన గురించే.

టర్పీన్లు గాలికీ వేడికీ త్వరగా ఎగిరిపోతాయి. నెలల తరబడి నిల్వ ఉన్న పూలలో టర్పినోలీన్ వాసన సన్నగిల్లుతుంది. కాబట్టి ఒకే మొక్క పూలు కూడా కోత సమయంలోనూ, ఆరు నెలల తర్వాతా ఒకే వాసన వేయవు.

ప్రభావాలు

గంజాయి మత్తుకు కారణం టీహెచ్‌సీ అనే పదార్థం. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషూలం, యెహియెల్ గావోని దీన్ని విడదీసి నిర్మాణాన్ని తేల్చారు. పచ్చి మొక్కలో ఇది మత్తు లేని ఆమ్ల రూపంలో ఉంటుంది. వేడి తగిలితేనే టీహెచ్‌సీగా మారుతుంది. మెదడులోని సీబీ1 గ్రాహకాలకు అంటుకుని ఆనందం, కాలస్పృహ, ఆకలి, జ్ఞాపకం, నొప్పి వంటి అనుభవాల తీరును మారుస్తుంది. జాక్ హెరర్ పూలలో టీహెచ్‌సీ సాధారణంగా 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది, కొన్ని నమూనాల్లో అంతకన్నా ఎక్కువ. గంజాయిలోనే ఉండే, మత్తునివ్వని సీబీడీ అనే మరో పదార్థం మాత్రం ఒక శాతం లోపే.

వాడినవారి కథనాల ప్రకారం ఈ కైపు త్వరగా తలకెక్కుతుంది. ఒళ్లు బరువెక్కకుండా, మాటలు ధారాళంగా వస్తూ, ఊహలు వేగంగా కదులుతూ, సంగీతం, రంగులు మరింత స్పష్టంగా అనిపిస్తాయని చెబుతారు. పగటిపూట వాడే రకమని దీనికి పేరు వచ్చింది అందుకే. పొగ రూపంలో ప్రభావం నిమిషాల్లో మొదలై రెండు నుంచి నాలుగు గంటలు ఉంటుంది. తినే పదార్థాల్లో కలిపినప్పుడు మొదలవడానికి అరగంట నుంచి రెండు గంటలు పట్టి, మరింత ఎక్కువసేపు సాగుతుంది. ఆ ఆలస్యాన్ని తెలియక మళ్లీ తిని ఆస్పత్రి పాలయ్యేవారు ఉన్నారు.

ఈ చురుకుదనానికి టర్పీన్లే కారణమన్న వాదం బాగా ప్రచారంలో ఉంది. ఒక పదార్థం పనిని దాని తోటి పదార్థాలు పెంచుతాయన్న భావనను మెషూలం బృందం 1998లో ముందుకు తెచ్చింది. అమెరికన్ వైద్యుడు ఈథన్ రూసో 2011లో దాన్ని గంజాయి టర్పీన్లకు విస్తరించాడు. ఆధారాలు మాత్రం ఇంకా పలుచనే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2019లో ప్రయోగశాలలో పరీక్షించినప్పుడు, సాధారణ గంజాయి టర్పీన్లు సీబీ1, సీబీ2 గ్రాహకాల మీద టీహెచ్‌సీ పనిని మార్చలేదు. 2024లో 20 మందిపై జరిగిన ఒక అమెరికన్ అధ్యయనంలో, లిమోనీన్ అనే టర్పీన్‌ను ఎక్కువ మోతాదులో కలిపి పీల్పించినప్పుడు టీహెచ్‌సీ కలిగించే ఆందోళన కొంత తగ్గింది. టర్పినోలీన్ గురించి మనుషులపై అలాంటి గట్టి ఆధారం లేదు. మోతాదు, అలవాటు, మనఃస్థితి, చుట్టూ ఉన్న మనుషులు, కైపు ఇలా ఉంటుందన్న ముందస్తు నమ్మకం, ఇవన్నీ అనుభవాన్ని మలుస్తాయి. ఉత్సాహం వస్తుందని చెప్పి ఇచ్చిన పదార్థం ఉత్సాహాన్నే తెచ్చినట్టు అనిపించడం సహజం.

‘సటైవా’ అన్న ముద్ర

జాక్ హెరర్‌ను 55 శాతం సటైవా, 45 శాతం ఇండికా అని చాలాచోట్ల రాస్తారు. ఇలాంటి అంకెలు విత్తన వర్తకుల అంచనాలే తప్ప జన్యు కొలతలు కావు. స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో ఈ మొక్కకు కన్నబిస్ సటైవా అని పేరు పెట్టినప్పుడు అతని దృష్టిలో ఉన్నది యూరప్ నార మొక్క. 1785లో ఫ్రాన్స్‌కు చెందిన లామార్క్, భారతదేశం నుంచి వచ్చిన మత్తునిచ్చే మొక్కను వేరు జాతిగా భావించి కన్నబిస్ ఇండికా అన్నాడు. ఆ మొక్కలు సన్నటి ఆకులవి. అంటే, నేటి వర్తక భాషలో సటైవా అంటున్న మత్తు రకాలు లామార్క్ ఇండికా అన్న మొక్కలకే దగ్గర. 1970ల తర్వాత అఫ్గాన్ కొండల వెడల్పాటి ఆకుల మొక్కలకు ఇండికా పేరు స్థిరపడటంతో ఈ తారుమారు జరిగింది.

2021లో కెనడా, నెదర్లాండ్స్ పరిశోధకులు వందల నమూనాల జన్యువులను పోల్చి చూశారు. సటైవా, ఇండికా ముద్రలకూ మొత్తం జన్యు సంపుటికీ పొంతన చాలా తక్కువని తేలింది. ఆ ముద్రలు కొద్దిపాటి టర్పీన్ల తేడాలను మాత్రమే సూచిస్తున్నాయి. కాబట్టి సటైవా అంటే ఉత్సాహం, ఇండికా అంటే నిద్ర అన్న పంపకం జీవశాస్త్రం కన్నా వ్యాపారానికే ఎక్కువ పనికొస్తుంది.

హాని

మనసును తేలికపరిచే రకమన్న పేరు ఉన్నంతమాత్రాన జాక్ హెరర్ నిరపాయం కాదు. టీహెచ్‌సీ ఎక్కువ, సీబీడీ దాదాపు లేని రకాలన్నిటికీ ఉన్న ప్రమాదాలు దీనికీ ఉన్నాయి. నోరు ఎండిపోవడం, కళ్లు ఎర్రబడటం, గుండె నిమిషానికి 20 నుంచి 50 సార్లు ఎక్కువగా కొట్టుకోవడం మామూలు. గుండెజబ్బు ఉన్నవారికి ఇది ప్రాణాపాయం కావచ్చు. ఆలోచనల వేగం కొందరిలో ఉత్సాహంగా కాక భయంగా, అనుమానంగా, గుండెదడగా మారుతుంది. మోతాదు పెరిగేకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. అప్పుడే విన్నది గుర్తుండదు. స్పందించే వేగం తగ్గుతుంది. ఆ స్థితిలో వాహనం నడపడం తనకూ ఎదుటివారికీ ప్రమాదం.

యూరప్‌లోని పలు నగరాలు, బ్రెజిల్ కలిపి 2019లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, 10 శాతం లేదా అంతకు మించి టీహెచ్‌సీ ఉన్న గంజాయిని రోజూ వాడేవారిలో తీవ్ర మానసిక రుగ్మత వచ్చే అవకాశం, ఎన్నడూ వాడనివారితో పోలిస్తే దాదాపు ఐదు రెట్లు కనిపించింది. జాక్ హెరర్ ఆ హద్దు దాటిన రకమే. మెదడు ఇంకా ఎదుగుతున్న కౌమారంలో వాడకం మొదలుపెట్టినవారికి, కుటుంబంలో స్కిజోఫ్రీనియా చరిత్ర ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. వాడినవారిలో సుమారు పదిమందికి ఒకరు వ్యసనంలో పడతారని అంచనా. మానేసినప్పుడు చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం వారాల పాటు వేధించవచ్చు. గర్భిణులకు ఏ రకం గంజాయీ తగదు.

వైద్యంలో

నెదర్లాండ్స్ 2003 నుంచి వైద్యుడి చీటీ మీద మందుల దుకాణాల్లో గంజాయి పూలను అమ్మనిస్తోంది. అక్కడ 22 శాతం టీహెచ్‌సీతో దొరికే బెడ్రోకాన్ అనే రకంలోనూ టర్పినోలీన్‌దే పైచేయి. అది జాక్ హెరర్ వంశానిదేనని విస్తృతంగా చెబుతారు. అయితే ఔషధ ప్రమాణాలతో, ప్రతి కోతలోనూ ఒకే మోతాదు ఉండేలా పెంచిన పూలకూ, వీధిలో అదే పేరుతో దొరికే పూలకూ పోలిక లేదు. దీర్ఘకాలిక నొప్పి, మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కండరాల బిగుతు, కీమోథెరపీ వల్ల వచ్చే వాంతులు, ఈ కొన్నిటిలో గంజాయి పదార్థాల ఉపయోగానికి ఆధారాలున్నాయి. అవి టీహెచ్‌సీ, సీబీడీల గురించిన ఆధారాలు. కుంగుబాటుకో, ఏకాగ్రత లోపానికో జాక్ హెరర్ మందని చెప్పే ప్రచారానికి వైద్య పరీక్షల బలం లేదు.

చట్టం

పుట్టిన దేశంలోనే ఈ వంగడం పూర్తిగా చట్టబద్ధం కాదు. నెదర్లాండ్స్ 1976లో చట్టం సవరించి కాఫీషాపుల్లో చిన్న మొత్తాల అమ్మకాన్ని చూసీచూడనట్టు వదిలేసింది. మనిషికి 5 గ్రాముల హద్దు ఉంది. ఆ దుకాణాలకు సరుకు పండించడం మాత్రం చాలాకాలం నేరంగానే మిగిలింది. ఆ వైరుధ్యాన్ని తీర్చడానికి 2023 డిసెంబరులో బ్రెడా, టిల్‌బర్గ్ నగరాల్లో నియంత్రిత సాగు ప్రయోగం మొదలైంది. ఉరుగ్వే 2013లో చట్టం చేసింది. కెనడా 2018లో, జర్మనీ 2024లో పెద్దల వాడకాన్ని అనుమతించాయి. అమెరికాలో అనేక రాష్ట్రాలు అనుమతించినా సమాఖ్య చట్టం కింద గంజాయి నియంత్రిత పదార్థమే.

భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం పూగుత్తులు గంజాయి, జిగురు చరస్, రెండూ నిషిద్ధం. ఆకులు, గింజలు విడిగా ఉన్నప్పుడు ఆ నిర్వచనంలోకి రావు. కిలో వరకు గంజాయిని చిన్న మొత్తంగా, 20 కిలోలకు మించితే వాణిజ్య మొత్తంగా లెక్కిస్తారు. చిన్న మొత్తానికి ఏడాది వరకు జైలు పడవచ్చు. వాణిజ్య మొత్తమైతే పదేళ్ల నుంచి ఇరవై ఏళ్లు కఠిన కారాగారం. విదేశీ వంగడమైనా, నాటు రకమైనా చట్టం దృష్టిలో తేడా లేదు.

తెలుగు నేలతో సంబంధం

హేజ్‌లో దక్షిణ భారత రక్తం ఉందన్న కథనం నిజమైతే, జాక్ హెరర్ పూర్వీకుల్లో ఒకటి మన ద్వీపకల్పపు సన్నాకుల మొక్కే. బ్రిటిష్ కాలంలో గంజాయి ఇక్కడ లైసెన్సుతో, సుంకంతో సాగిన పంట. మద్రాసు ప్రెసిడెన్సీలో బాపట్ల దగ్గరి సంతరావూరు ఆ సాగుకు పేరుపడిన చోటు. 1893-94లో భారత ప్రభుత్వం వేసిన గంజాయి విచారణ సంఘం, మితమైన వాడకం వల్ల పెద్ద కీడు లేదనీ, అతి వాడకం హానికరమనీ చెప్పి, నిషేధానికి బదులు సుంకంతో కట్టడి చేయాలని సూచించింది. ఆనాటి పూలకూ, దీపాల కింద ఏరికోరి బలం పెంచిన నేటి పూలకూ తేడా చాలా ఉంది. ఆ సంఘం తీర్పును జాక్ హెరర్ వంటి రకాలకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు.

నేడు ఆంధ్ర-ఒడిశా సరిహద్దు మన్యంలో దొంగచాటుగా పండేది శీలావతి పేరుతో పిలిచే రకం. 2021 చివర మొదలైన ‘ఆపరేషన్ పరివర్తన’లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అక్కడ వేల ఎకరాల తోటలను నరికించారు. పట్టుబడిన సుమారు 2 లక్షల కిలోల గంజాయిని 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలో తగలబెట్టారు. ఆ వ్యాపారంలో లాభం దళారులది; మోత కూలికో, పెట్టుబడి ఆశకో దిగి జైలుపాలయ్యేది ఎక్కువగా పేద గిరిజనులు, కుర్రాళ్లు.

జాక్ హెరర్ పేరు తెలుగువారి చెవిన పడేది ఎక్కువగా అమెరికా, కెనడాలకు చదువుకు, ఉద్యోగాలకు వెళ్లినప్పుడు. అక్కడి వీధి దుకాణంలో బోర్డు పెట్టి అమ్ముతున్నంతమాత్రాన అందరికీ భద్రమని అనుకోకూడదు. అమెరికా వలస చట్టం సమాఖ్య చట్టాన్ని అనుసరిస్తుంది. రాష్ట్రం అనుమతించిన చోట వాడినా, ఆ సంగతి అధికారి ముందు ఒప్పుకుంటే వీసాకూ, శాశ్వత నివాసానికీ అడ్డు రావచ్చు. ఇంటికి వచ్చేటప్పుడు కొద్దిపాటి సరుకైనా, గంజాయి కలిపిన మిఠాయైనా సంచిలో ఉంటే భారత విమానాశ్రయంలో అది మాదకద్రవ్యాల కేసే.

అంచనా

మొక్కల సంకర చరిత్రలో జాక్ హెరర్ స్థానం గట్టిది. ఉష్ణదేశాల నాటు గంజాయి గుణాన్ని చలిదేశాల సాగుకు అనుకూలంగా మార్చిన తొలి విజయవంతమైన రకాల్లో ఇది ఒకటి. ఒక ఉద్యమకారుడి పేరు దుకాణాల ద్వారా అతని పుస్తకం చేరని చోటికీ చేరింది. ఈ వంగడంలో కొంత నిలకడగా దొరికేది టర్పినోలీన్ వాసన. తప్పకుండా దొరికేది బలమైన టీహెచ్‌సీ. కైపు ఎలా ఉంటుందో పేరు చెప్పలేదు, పొట్లం మీది సటైవా అన్న ముద్రా చెప్పలేదు. గంజాయిని అనుమతించిన దేశాలు రకం పేరుకన్నా టీహెచ్‌సీ, సీబీడీ, టర్పీన్ల పరీక్ష ఫలితాలనే పొట్లం మీద ప్రముఖంగా ముద్రింపజేయాలని పరిశోధకులు కోరుతున్నది ఈ కారణంతోనే. వాడేవారి ఆరోగ్యం దృష్ట్యా అది న్యాయమైన కోరిక.